పెరూకి వీసా అక్కర్లేదంటారు, మరి చెక్-ఇన్ కౌంటర్ దగ్గర ఎందుకు ఆపుతారు?

పెరూ కొండల మీది పాతకాలపు శిథిల నగరం మాచు పిచ్చు చూడాలనుకునే మనవాళ్ల చెవిన మొట్టమొదట పడే మాట ఇది: "అమెరికా వీసా ఉంటే చాలు, పెరూకి వేరే వీసా తీసుకోనక్కర్లేదు." అబద్ధం కాదు. 2017 మార్చి 27 నుంచి పెరూ ప్రభుత్వం భారతీయులకి ఈ వెసులుబాటు ఇస్తోంది. అయితే మాట నోటా నోటా పాకేసరికి దాని వెనకున్న షరతు రాలిపోయింది. ఆ షరతు తెలియక టికెట్లు, హోటళ్లు, రైలు రిజర్వేషన్లు అన్నీ డబ్బు కట్టేసి, చివరికి విమానం ఎక్కకుండానే ఇంటికి తిరిగొచ్చే పరిస్థితి రావచ్చు.

పెరూ ప్రయాణంలో మీ కాగితాల్ని మూడు చోట్ల పరీక్షిస్తారు. మొదటిది విమానం ఎక్కే ఊళ్లో ఎయిర్‌లైన్ కౌంటర్. రెండోది పెరూ రాజధాని లిమా విమానాశ్రయంలో ఇమిగ్రేషన్. మూడోది తిరుగు ప్రయాణంలో మన దేశంలో దిగినప్పుడు. చాలామంది రెండోదాని గురించే కంగారుపడతారు. నిజానికి దెబ్బ తగిలేది ఎక్కువగా మొదటి చోట, మూడో చోట.

ఆరు నెలలు అంటే ఎప్పటి నుంచి?

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి మామూలుగా పెరూ వీసా కావాలి. మినహాయింపు రెండు రకాలవాళ్లకే. ఒకరు, అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా లేదా ఏదైనా షెంగెన్ దేశం (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వీసా ఉండి, దానికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉన్నవాళ్లు. రెండోవాళ్లు, ఆ దేశాల్లో శాశ్వత నివాస హక్కు ఉన్నవాళ్లు, అంటే గ్రీన్ కార్డు లాంటివి చేతిలో ఉన్నవాళ్లు. ఈ రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా పర్యాటకులుగా గరిష్ఠంగా 180 రోజుల దాకా ఉండొచ్చు. దుబాయ్ రెసిడెన్సీ, సింగపూర్ వర్క్ పాస్, జపాన్ వీసా ఈ జాబితాలో లేవు. గల్ఫ్‌లో పదేళ్లుగా ఉంటున్నా సరే, వాటిని చూపించి పెరూలోకి వెళ్లలేరు.

మెలిక ఉన్నది ఆ "ఆరు నెలల" దగ్గర. లెక్క మొదలయ్యేది టికెట్ కొన్న రోజు నుంచి కాదు, ఇక్కడ విమానం ఎక్కిన రోజు నుంచీ కాదు. పెరూలో అడుగుపెట్టే రోజు నుంచి. మీ అమెరికా వీసా 2026 నవంబర్ 30న ముగుస్తుందనుకోండి. మే 25న లిమాలో దిగితే ఇబ్బంది లేదు, ఆరు నెలలు నవంబర్ 25తో పూర్తవుతాయి. అదే ప్రయాణం జూన్ 10కి వాయిదా వేసుకుంటే ఆరు నెలలు డిసెంబర్ 10 దాకా వెళ్తాయి, వీసా పది రోజుల ముందే అయిపోతుంది. ఉండేది వారం రోజులే కదా అన్నా పనికిరాదు. ఎన్నాళ్లు ఉంటారన్నదానికీ ఈ షరతుకీ సంబంధం లేదు. పాస్‌పోర్ట్‌కి కూడా దిగేనాటికి ఆరు నెలల గడువు ఉండాలి. కనీసం రెండు ఖాళీ పేజీలు ఉంచుకోండి.

ఈ లెక్క వేసి చూస్తే, కాగితం మీద అర్హత ఉన్నట్టు కనిపించే చాలా వీసాలు అసలు పనికిరావని తేలుతుంది. బ్రిటన్ మామూలు విజిటర్ వీసా గడువే ఆరు నెలలు. అది మొదలైన మర్నాటికే ఆరు నెలలకి ఒకరోజు తక్కువ పడుతుంది. లండన్ చూసుకుని అటునుంచి లిమా వెళ్దాం అనుకుంటే ఆ వీసా మీద కుదరదు. రెండేళ్లదో ఐదేళ్లదో అయితేనే దారి. షెంగెన్ కూడా అంతే. మొదటిసారి వెళ్లేవాళ్లకి సాధారణంగా ప్రయాణం తేదీలకి కాస్త అటూ ఇటూగా, కొన్ని వారాలకే వీసా ఇస్తారు. పారిస్ యాత్రకని ఇచ్చిన అలాంటి వీసాతో పెరూ వెళ్లలేరు. ఏడాది, అంతకు పైబడిన మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ ఉంటే వేరే సంగతి. ఆస్ట్రేలియా వీసాకి పాస్‌పోర్ట్‌లో స్టిక్కరే ఉండదు, మంజూరు ఉత్తరాన్ని ప్రింట్ తీసుకుని వెంట ఉంచుకోవాలి. వీటన్నిటిలో నిశ్చింతగా ఉండేది పదేళ్ల అమెరికా బీ1/బీ2 (విజిటర్) వీసా, అదీ చివరి ఆర్నెల్లలో లేనప్పుడు.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకి ఒక హెచ్చరిక

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ థాంక్స్‌గివింగ్ సెలవులకి పెరూ వెళ్దామనుకునే హెచ్-1బీ కుటుంబాలు ఇక్కడే పొరబడుతుంటాయి. ఐ-797 ఉత్తరంలో స్టేటస్ 2028 దాకా ఉందని ధీమాగా ఉంటారు. పాస్‌పోర్ట్ తీసి చూస్తే వీసా స్టాంపు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఐ-797 అనేది అమెరికాలో ఉండటానికి అనుమతి, అది వీసా కాదు. శాశ్వత నివాసమూ కాదు. కాబట్టి మినహాయింపు వర్తించదు. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండి అడ్వాన్స్ పరోల్ (ఈలోగా బయటికెళ్లి తిరిగి రావడానికిచ్చే అనుమతి) చేతిలో ఉన్నవాళ్లది కూడా ఇదే పరిస్థితి. కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మాత్రమే ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) స్టాంపు గడువు తీరిన విద్యార్థులకీ అంతే.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం తిరుగు ప్రయాణంలో ఉంది. స్టాంపు అయిపోయినా మెక్సికో, కెనడా వెళ్లి ముప్పై రోజుల్లోపు తిరిగొచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ సౌకర్యం గురించి వినే ఉంటారు. అది పెరూకి వర్తించదు. పెరూ వీసా విడిగా తీసుకుని వెళ్లినా, స్టాంపు లేకపోతే అమెరికా విమానం ఎక్కనివ్వరు. అప్పుడు ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకోవడం తప్ప దాదాపు దారి ఉండదు. స్టాంపు గడువు తీరిపోయి ఉంటే పెరూ యాత్రని స్టాంపింగ్ తరవాతకి వాయిదా వేసుకోవడమే మంచిది. ఉద్యోగం, పిల్లల బడి పణంగా పెట్టేంత పని కాదు.

స్టాంపు పాత పాస్‌పోర్ట్‌లో ఉండి, కొత్తది వేరేగా ఉంటే రెండూ తీసుకెళ్లాలి. ఇంట్లో కుటుంబమంతటివీ ఒకే తేదీకి ముగుస్తాయని అనుకోకండి. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లదే కాబట్టి, అందరివీ బాగుండి ఒక్కరిది ఆగిపోయే సందర్భాలు ఉంటాయి. ఒక్కో పాస్‌పోర్ట్ తెరిచి, పాస్‌పోర్ట్ గడువు, వీసా గడువు రెండూ విడివిడిగా చూసుకోవాలి.

మినహాయింపు లేనివాళ్లకి దారి మూసుకుపోయినట్టు కాదు. ఇండియాలో ఉంటే న్యూఢిల్లీలోని పెరూ ఎంబసీలో, అమెరికాలో ఉంటే మీ రాష్ట్రం ఏ పెరూ కాన్సులేట్ పరిధిలోకి వస్తుందో అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. ఫారం, ఫొటోలు, రానుపోను బుకింగ్, హోటల్ రిజర్వేషన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఉద్యోగం చేస్తున్నట్టు, సెలవు ఇచ్చినట్టు కంపెనీ ఉత్తరం. ఇంటర్వ్యూకి పిలవచ్చు, ఇంకేదైనా కాగితం అడగచ్చు. అందుకని వీసా చేతికి వచ్చేదాకా డబ్బు తిరిగిరాని టికెట్లు కొనకండి.

కౌంటర్ దగ్గర

వీసా లేకుండా వచ్చినవాళ్లని వెనక్కి పంపితే ఆ ఖర్చు ఎయిర్‌లైన్ నెత్తిన పడుతుంది. అందుకే కౌంటర్‌లో ఉన్నవాళ్లు అంత పట్టుదలగా ఉంటారు. వాళ్లు చూసేది టిమాటిక్ అనే డేటాబేస్. మీ దేశం, వీసా వివరాలు పెడితే ఎక్కించుకోవచ్చో లేదో అందులో వస్తుంది. శంషాబాద్‌లో లిమా ప్రయాణికులు రోజూ తగలరు కనక అక్కడి సిబ్బందికి ఈ మినహాయింపు ఒక్కోసారి కొత్తగా ఉంటుంది. వాదనకి దిగకుండా, టిమాటిక్‌లో అమెరికా వీసా ఉన్నట్టు వివరాలు పెట్టి మళ్లీ చూడమని మర్యాదగా అడిగితే పని అవుతుంది. పెరూ ఎంబసీ వెబ్‌సైట్‌లోని నిబంధన పేజీని ప్రయాణానికి ముందు వారంలో ప్రింట్ తీసి పెట్టుకోండి. మార్పు ఏదైనా వచ్చి ఉంటే అప్పుడే తెలిసిపోతుంది. తిరుగు టికెట్, లేదా పెరూ నుంచి మరో దేశానికి వెళ్లే టికెట్ కూడా అడుగుతారు.

ఇండియా నుంచి లిమాకి నేరుగా విమానం లేదు, మధ్యలో ఎక్కడో మారాలి. ఆ మజిలీకి వేరే నియమాలుంటాయి. అమెరికా మీదుగా వెళ్తే విమానాశ్రయం దాటి బయటికి రాకపోయినా అమెరికా వీసా తప్పదు. అక్కడ ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారే ఏర్పాటు లేదు. బ్రిటన్ వీసా చూపించి పెరూ వెళ్లేవాళ్లు మయామీ మీదుగా చవక టికెట్ కొన్నారంటే అక్కడే చిక్కుకుంటారు. యూరప్ మీదుగా అయితే ఒకే షెంగెన్ విమానాశ్రయంలో మారుతున్నారా, రెండిట్లోనా అన్నది చూడాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి మాడ్రిడ్ వెళ్లి అక్కడ లిమా విమానం ఎక్కితే మీరు షెంగెన్‌లో ప్రవేశించినట్టే, దానికి షెంగెన్ వీసా కావాలి. రెండు వేర్వేరు టికెట్లు కొని, సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సి వచ్చినా అంతే.

పేరు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండటం మామూలే. ఇంటిపేరు, పేరు అన్నీ గివెన్ నేమ్‌లోకి వెళ్లిపోయి ఉంటాయి. అమెరికా వీసా మీద అదే పేరు సర్‌నేమ్ గడిలోకి చేరి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదని) అని పడుతుంది. పెరూలో మనుషులకి తండ్రి వైపుదొకటి, తల్లి వైపుదొకటి రెండు ఇంటిపేర్లుంటాయి. వాళ్ల ఫారాల్లో "అపెయీదోస్" అంటే ఇంటిపేరు, "నోంబ్రెస్" అంటే సొంత పేరు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే ఫారం ముందుకు కదలదు. సర్‌నేమ్ లేకపోతే టికెట్ మీద ఎలా రాయాలో ఎయిర్‌లైన్‌ని అడిగి, వాళ్లు చెప్పిన పద్ధతినే విమానం, రైలు, మాచు పిచ్చు బుకింగులన్నిటిలో ఒక్కలాగే వాడండి. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక రాయకండి.

లిమాలో దిగాక

లిమా విమానాశ్రయం పేరు హోర్హే చావెస్, ఉన్నది పక్కనే ఉన్న కయావోలో. 2025 జూన్ 1 నుంచి కొత్త టెర్మినల్ నుంచే విమానాలు నడుస్తున్నాయి. పాత గైడు పుస్తకాల్లోని దారులు, టాక్సీ సూచనలు ఇప్పుడు పనికిరావు.

ఇమిగ్రేషన్ అధికారి సాధారణంగా ఎన్ని రోజులుంటారు, ఎక్కడ బస అని అడుగుతారు. 180 రోజులు గరిష్ఠ పరిమితి మాత్రమే. మీకు ఎన్నిస్తారన్నది ఆయన నిర్ణయం. మీ ప్రణాళికకి రెండు మూడు రోజులు కలిపి చెప్పడం మంచిది. వానలకి కొండచరియలు పడో, సమ్మె జరిగో మాచు పిచ్చు దారిలోని కుస్కో ఊరి రైళ్లు ఆగిపోవడం అరుదేమీ కాదు. ఆ అదనపు రోజులు అప్పుడు కాపాడతాయి.

కొత్తవాళ్లు గాభరాపడేది ముద్ర లేకపోవడం చూసి. లిమా విమానాశ్రయంలో పాస్‌పోర్ట్ మీద ముద్ర వేయడం మానేశారు. ప్రవేశం కంప్యూటర్‌లో నమోదవుతుంది. వెనకటికి చేత్తో నింపే అట్ట కార్డు, తర్హేతా ఆందీనా, అదీ ఇప్పుడు డిజిటలే. మిగ్రాసియోనెస్ అనే వాళ్ల ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్ట్ వివరాలు పెడితే మీ ప్రవేశ తేదీ, ఇచ్చిన రోజులు కనిపిస్తాయి. హోటల్‌కి చేరిన రోజే ఆ పేజీ ఫోన్‌లో సేవ్ చేసి, ఒక ప్రింట్ తీసుకోండి. కారణం డబ్బుతో ముడిపడింది. పెరూ నివాసులు కాని విదేశీ పర్యాటకులు అరవై రోజుల లోపు బసకి హోటల్ గది మీద 18 శాతం ఐజీవీ పన్ను కట్టనక్కర్లేదు. పర్యాటకులుగా ప్రవేశించినట్టు రుజువు చూపిస్తేనే ఆ తగ్గింపు. రిసెప్షన్‌లో పాస్‌పోర్ట్ తిప్పి ముద్ర ఎక్కడని వెతుకుతారు. అప్పుడు ఈ కాగితం ముందు పెట్టాలి. నాలుగైదు రాత్రులు మంచి హోటల్లో ఉంటే ఇది చిన్న మొత్తం కాదు.

ఇచ్చిన రోజులు దాటితే జరిమానా. రోజుకి యూఐటీ అనే ప్రభుత్వ ప్రామాణిక మొత్తంలో 0.1 శాతం. 2025లో యూఐటీ 5,350 సోల్స్ (పెరూ కరెన్సీ), అంటే రోజుకి 5.35 సోల్స్. పది రోజులు దాటితే 53.50. మొత్తం చిన్నదే, కానీ కట్టనిదే దేశం దాటనివ్వరు. విమానం టైముకి ఆ వరసలో నిలబడటం ఇబ్బంది. రోజులు దాటాయని తెలిస్తే ముందురోజే కట్టేయండి.

బస్సులో వచ్చేవాళ్లకి వేరే గండం ఉంది. బొలీవియా నుంచి కసానీ, దెసాగ్వాదెరో సరిహద్దుల్లో, చిలీ నుంచి తక్నా దగ్గర సాంతా రోసాలో, బస్సు దిగి ఇమిగ్రేషన్ ఆఫీసుకి నడిచి వెళ్లి ప్రవేశం నమోదు చేయించుకోవాల్సింది మీరే. బస్సు ఆగకుండా పోయినా, మీరు నిద్రలో ఉండిపోయినా, రికార్డుల ప్రకారం మీరు పెరూలోకి రానే లేదు. వెళ్లేటప్పుడు అది పట్టుబడుతుంది. పెరూలోని పూనో నుంచి టిటికాకా సరస్సు ఒడ్డున కోపకబానా దాకా ఒక్కరోజు వెళ్లొద్దాం అనుకునేవాళ్లు, అది బొలీవియా అనీ భారతీయులకి దాని వీసా వేరే అనీ గుర్తుంచుకోవాలి.

మాచు పిచ్చుకి కూడా పాస్‌పోర్టే టికెట్‌లో సగం. ద్వారం దగ్గర అసలు పాస్‌పోర్ట్ అడుగుతారు, జిరాక్సు పనికిరాదు. టికెట్ మీది నంబర్‌తో పోలుస్తారు. టికెట్ కొన్నాక పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకుంటే పాతది కూడా తీసుకెళ్లాలి. రోజుకి అనుమతి 4,500 మందికి, రద్దీ తేదీల్లో 5,600 మందికి. విదేశీ పెద్దలకి మామూలు టికెట్ 2025లో 152 సోల్స్. రోజూ వెయ్యి టికెట్లు కొండ కింది ఊరు ఆగ్వాస్ కాలియెంతెస్‌లో నేరుగా అమ్ముతారు గానీ, ఇంత దూరం వెళ్లి వాటిని నమ్ముకోవడం సరికాదు. జూన్, జులై, ఆగస్టు నెలలకైతే విమానం టికెట్ కన్నా ముందు ఇది చూసుకోవాలి.

కస్టమ్స్‌లో పదివేల డాలర్లకి మించిన నగదుంటే ప్రకటించాలి, ముప్పైవేలకి మించి తీసుకెళ్లడమే నిషేధం. మనవాళ్లకి అసలు ఇబ్బంది తిండి సామాన్లతో. పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు, ఇంట్లో కట్టిన మాంసం పచ్చళ్లు వ్యవసాయ తనిఖీలో ఆగిపోతాయి. కంపెనీ సీలు ఉన్న పొడులు, ప్యాకెట్లు నయం. అవైనా ఫారంలో రాసి చూపించండి. రాసినదాన్ని మహా అయితే తీసి పారేస్తారు, దాచినదానికి జరిమానా వేస్తారు.

తిరిగొచ్చేటప్పుడు కోకా ఆకు గురించి జాగ్రత్త. కుస్కో 3,399 మీటర్ల ఎత్తున ఉంటుంది. తల తిరుగుతుందంటే హోటల్లోనే కోకా టీ ఇస్తారు, దుకాణాల్లో టీ సంచులు, చాక్లెట్లు దొరుకుతాయి. పెరూలో అది చట్టబద్ధం. ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద కోకా ఆకు మాదకద్రవ్యాల జాబితాలో ఉంది, అమెరికాలోనూ నిషేధమే. పెట్టెలో ఒక్క టీ సంచి కూడా ఉంచకండి.

యెల్లో ఫీవర్: పెరూ అడగదు, మన దేశం అడుగుతుంది

ఇండియా నుంచి వెళ్లేవాళ్లని యెల్లో ఫీవర్ టీకా కాగితం చూపించమని పెరూ అడగదు. ఇకిటోస్, ప్వెర్తో మాల్దొనాదో లాంటి అమెజాన్ ప్రాంతాలకి వెళ్లేవాళ్లు వేయించుకోవడం మంచిదని సలహా మాత్రం ఉంది. లిమా, కుస్కో, మాచు పిచ్చులకే పరిమితమైతే వైద్యపరంగా ఆ టీకా అవసరమని చెప్పరు. అందుకే చాలామంది వదిలేస్తారు.

మన దేశం నియమం వేరుగా ఉంటుంది. ఏ ఊరికి వెళ్లారని చూడరు, ఏ దేశానికి వెళ్లారనే చూస్తారు. యెల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో పెరూ మొత్తం ఉంది. అక్కణ్నుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే, చెల్లే టీకా కార్డు లేకపోతే, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం విమానాశ్రయ ఆరోగ్య అధికారులకి ఉంది. మరీ చిన్న పసిపిల్లలకే మినహాయింపు. ఈ నియమం వెనక గట్టి కారణం ఉంది. యెల్లో ఫీవర్‌ని మోసే ఈడిస్ దోమ మన ఊళ్లలో ఇంటింటా ఉంది, వైరస్ మాత్రం ఇంకా రాలేదు. జబ్బు అంటుకున్న మనిషి ఒక్కరొచ్చి దోమకాటు తింటే అది ఇక్కడ మొదలవ్వొచ్చు. ఆ ఆరు రోజులు జబ్బు బయటపడటానికి పట్టే కాలం.

టీకా ఒక్క డోసే, అర మిల్లీలీటరు. వేసిన పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, 2016 జులై నుంచి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం జీవితాంతం చెల్లుతుంది. ఆఫ్రికా వెళ్లినప్పుడు వేయించుకున్న పాత పసుపు కార్డు ఉంటే అదే చాలు, మళ్లీ అక్కర్లేదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో వేయించుకుంటేనే కార్డు ఇస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. టీకా సీసాలో చాలా డోసులుంటాయి, తెరిచాక కొన్ని గంటల్లో వాడేయాలి. అందుకని ఇలాంటి చోట్ల నిర్ణీత రోజుల్లో, ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే వేస్తుంటారు. ప్రయాణానికి నెల ముందే పని మొదలుపెట్టండి. కార్డు మీద పాస్‌పోర్ట్ నంబర్, తేదీ, ముద్ర సరిగ్గా పడ్డాయా అని అక్కడ నిలబడే చూసుకోవాలి. బ్రతికున్న వైరస్‌తో తయారయ్యే టీకా కాబట్టి గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు, థైమస్ జబ్బున్నవాళ్లు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోకూడదు. అరవై దాటినవాళ్లలో ముప్పు కాస్త ఎక్కువ. డాక్టరు మినహాయింపు ఉత్తరం ఇచ్చినా క్వారంటైన్ తప్పుతుందన్న హామీ లేదు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన పెద్దవాళ్లకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పెరూ చూసుకుని మళ్లీ అమెరికా వచ్చి, అక్కడ ఆరు రోజులు దాటాక ఇండియాకి బయల్దేరితే ఈ నియమం వాళ్లకి తగలదు. అమెరికా ఈ కార్డు అడగదు కూడా. అరవై ఐదేళ్ల అమ్మానాన్నలకి టీకా వేయించాలా వద్దా అని సతమతమయ్యేకంటే పెరూ యాత్రని అమెరికా బస మధ్యలో పెట్టుకోవడం ఎంతో మేలు.

క్వారంటైన్ మీ సొంత ఊళ్లో ఉండదు. మొదట దిగిన విమానాశ్రయంలోనే ఆరోగ్య తనిఖీ ఉంటుంది. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి హైదరాబాద్, విజయవాడ, విశాఖ విమానం మారేవాళ్లు ఆ కార్డుని పెట్టెలో కాక పాస్‌పోర్ట్‌తో పాటు చేతి సంచిలో ఉంచుకోవాలి. సామాను అందేది ఇమిగ్రేషన్ దాటాకే, కార్డు అడిగేది అంతకు ముందే.